దారం చిక్కుపడితే చేతిని తిట్టకండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఒకే మాట పదే పదే కనిపించింది: "నాకు చెయ్యి తిరగడం లేదండీ." నేను పాలకొల్లులో పుట్టి, లేసు అల్లే అరుగుల మధ్య పెరిగి, ఇప్పుడు భీమవరంలో కుట్లు నేర్పుతున్నదాన్ని. నిజంగా చెయ్యి తిరగని మనిషి నాకు ఎప్పుడో గానీ తగల్లేదు. సన్న గుడ్డకి లావు సూది, బారెడు దారం, వెనకనుంచి పడే లైటు... ఇవి మాత్రం రోజూ చూస్తూనే ఉన్నాను. అందుకని ఈసారి చేతి గురించి తక్కువ, సామాను గురించి ఎక్కువ మాట్లాడతాను. డబ్బుల సంగతి కూడా ఉంది. అది అడిగినవాళ్లు "పేరు వేయకండి" అని మరీ రాశారు కాబట్టి ఎవరి పేర్లూ వేయడం లేదు.

ప్రశ్న: జాకెట్టు చేతులకి గొలుసు కుట్టు కుడుతున్నాను. మళ్లీ మళ్లీ ఎక్కించక్కర్లేకుండా దారం బారెడు తీసుకుంటాను. అయినా నాలుగు కుట్లకోసారి చిక్కు పడుతుంది. వెనకంతా ముళ్లే. మా అత్తగారు గుడ్డ తిప్పి చూసి నవ్వుతారు. నాకు ఈ పని రాదేమో? - కె. ఎల్., తెనాలి

జవాబు మీ ఉత్తరంలోనే ఉందమ్మా. బారెడు వద్దు. మూరెడు తీసుకోండి, మహా అయితే మూరన్నర. దారం గుడ్డలోంచి దూరిన ప్రతిసారీ రాపిడికి నూగు లేస్తుంది. పొడుగు దారమైతే ఒకే భాగం ఎన్నోసార్లు గుడ్డలో పడి లేచి, సగం పనయ్యేసరికి పీలికలా తయారవుతుంది. ఆ నూగే ఒకదానికొకటి పట్టుకుని ముడి పడుతుంది.

తర్వాత పోగులు చూడండి. ఎంబ్రాయిడరీ లచ్చీలో ఆరు పోగులు కలిసి ఉంటాయి. మీరు ఆరింటితోనూ కుడుతున్నట్టున్నారు. రూబియా గుడ్డ మీద గొలుసు కుట్టుకి రెండు చాలు, ఎత్తుగా కనబడాలంటే మూడు. విడదీసేటప్పుడు మూడింటినీ ఒక్కసారి లాగితే అక్కడే చిక్కు మొదలవుతుంది. ముక్క చివర వేళ్ల మధ్య వదులుగా పట్టుకుని, ఒక్క పోగునే నిటారుగా పైకి లాగండి. మిగతావన్నీ కింద ముడుచుకుపోయి కుప్పలా కనబడతాయి. కంగారు పడకండి. ఆ పోగు పూర్తిగా బయటికొచ్చాక ఒక్క దులుపు దులిపితే అన్నీ సాఫీ అవుతాయి. అలా ఒక్కొక్కటీ తీసి, మళ్లీ పక్కపక్కన చేర్చి ఎక్కించుకోండి. కుట్టు నిండుగా కూడా వస్తుంది.

మూడోది మెలి. కుడుతున్నప్పుడు మన వేళ్లు మనకి తెలియకుండానే సూదిని కాస్త కాస్త తిప్పుతూ ఉంటాయి. పది పన్నెండు కుట్లకోసారి గుడ్డ ఎత్తి పట్టుకుని సూదిని వేలాడదీయండి. గిరగిరా తిరిగి, మెలి విప్పుకుని, తనే ఆగుతుంది. జరీ దారమైతే ఇంకా పొట్టిగా తీసుకుని, తేనెమైనం ముద్ద మీద ఒకసారి లాగండి. కన్ను కాస్త పెద్దగా ఉన్న సూది వాడండి. చిన్న కన్నులో జరీ ఒరుసుకుని పైరేకు ఊడొస్తుంది.

దారం ఎక్కకపోతే ఉమ్మి తడి చేయడం మానేసి, చివరను పదునైన కత్తెరతో ఏటవాలుగా కత్తిరించండి. అప్పటికీ ఎక్కకపోతే సూదిని అటుదిటు తిప్పి చూడండి. కన్ను అచ్చుతో పొడుస్తారు కాబట్టి ఒక వైపు నుంచి సులువుగా, రెండో వైపు నుంచి మొండిగా ఉంటుంది.

ఇక అత్తగారు. జాకెట్టు తిరగేసి ఎవరూ వేసుకోరని నవ్వుతూనే చెప్పండి. కానీ ఆవిడ అన్నదాంట్లో ఒక ముక్క నిజం ఉంది. లోపలి ముళ్లు చర్మానికి గీసుకుంటాయి. దారం అయిపోయినప్పుడు ముడి వేయకుండా, వెనకవైపు కుట్ల కిందనుంచి మూడు నాలుగు కుట్ల దాకా దూర్చి కత్తిరించండి. మొదలుపెట్టేటప్పుడు కూడా జానెడు కొస వదిలి, తర్వాత అలాగే దూర్చేయొచ్చు. పూసలు, చమ్కీలు కుట్టేటప్పుడు మాత్రం ముడి తప్పదు. అక్కడ ముడి లేకపోతే పెళ్లి భోజనాల దగ్గర పూసలు విస్తట్లో రాలతాయి.

ప్రశ్న: ఇంట్లోనే జాకెట్లకి చేతి కుట్లు కుడతాను. చుట్టాలు "బయట కంప్యూటర్ వర్క్ అయితే సగం డబ్బులకే అయిపోతుంది, నువ్వెలాగూ ఇంట్లో ఖాళీగానే ఉంటావు కదా" అంటారు. అయిదు వందలు చేతిలో పెడతారు. గట్టిగా అడగాలంటే మొహమాటం. ఎంత తీసుకోవాలి? - ఊరి పేరు కూడా వద్దన్నారు, కరీంనగర్ జిల్లా

ముందు ఒక కాగితం తీసుకోండి. మీరు రాసిన మెడ, చేతుల డిజైనే లెక్కేద్దాం. సిల్కు దారాలు, పూసలు, జరీ కలిపి 240 రూపాయలైందన్నారు. తొమ్మిది గంటలు పట్టిందన్నారు. గంటకి 80 రూపాయలు వేసుకున్నా, అది ఎక్కువేం కాదు, 720 అవుతుంది. మొత్తం 960. చుట్టాలిచ్చిన 500లో సామాను ఖర్చు తీసేస్తే మిగిలింది 260. తొమ్మిది గంటలకి పంచితే గంటకి 29 రూపాయలు కూడా రావు. మీ ఊళ్లో రోజు కూలికి వెళ్లేవాళ్లు గంటకి ఎంత తెచ్చుకుంటున్నారో మీకే తెలుసు, పక్కన రాసి చూసుకోండి. ఇందులో కరెంటు, విరిగిన సూదులు, వచ్చినవాళ్లకి ఇచ్చిన టీ వేయనే లేదు.

ఆ "ఖాళీగానే ఉంటావు కదా" అన్న మాట మా ప్రాంతానికి కొత్త కాదు. 1970ల చివర్లో మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లే ఆడవాళ్ల గురించి అధ్యయనం చేశారు. 1982లో అది పుస్తకంగా వచ్చింది. వాళ్లల్లిన లేసు ఓడలెక్కి విదేశాలకి వెళ్తున్నా, వాళ్లని పనివాళ్లుగా ఎవరూ లెక్కపెట్టలేదని, ఇంట్లో కూర్చుని తీరుబడిగా చేసుకునే పని అన్న పేరు మీదే కూలి అంత తక్కువగా ఉండిపోయిందని ఆవిడ తేల్చారు. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్, అంటే ఆ లేసు ఈ ప్రాంతానిదేనని చెప్పే కాగితం) వచ్చింది. సంతోషమే. అయితే ఆ కాగితం మీద కూలి రేటు ఉండదు.

మొహమాటం పోవడానికి నాకు తెలిసిన మందు ఒకటే: రేటు నోటితో చెప్పకండి. మూడు నమూనాలు చిన్న చిన్న గుడ్డ ముక్కల మీద కుట్టి, ఒక్కోదాని కింద ధర రాసి గోడకి తగిలించండి. "ఏది కావాలి పిన్నీ?" అని అడగండి. బేరం ఆడాలంటే వాళ్లు గోడతో ఆడాలి. ఇంకా తగ్గించమంటే డిజైన్ తగ్గించండి, గంట రేటు తగ్గించకండి. మెడ ఒక్కటే చాలంటే మెడ ఒక్కటే. సామాను డబ్బులు ముందే తీసుకోండి. సొంత అక్కచెల్లెళ్లకి ఊరికే కుట్టి పెడతారా, అది మీ ఇష్టం. అప్పుడు మాత్రం పూర్తిగా ఊరికే ఇవ్వండి. సగం రేటుకి కుట్టినదాన్నే పదిమందికీ చెప్తారు.

కంప్యూటర్ వర్క్‌తో పోటీ పెట్టుకోకండి. ఒకేలాంటి నెమళ్లు నలభై కావాలంటే యంత్రమే నయం. చీర అంచులోని మామిడి పిందెని చూసి జాకెట్టు మీద అదే పిందెని, అదే రంగులో దింపమంటే వాళ్లు మీ దగ్గరికే రావాలి. అలాంటి పనులే ఒప్పుకోండి.

ప్రశ్న: ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. హాస్టల్లో క్రోషేతో, అంటే కొక్కెం సూదితో, చిన్న చిన్న బొమ్మలు అల్లుతాను. ఫ్రెండ్స్ ఏడిపిస్తున్నారు. ఇది మగవాళ్ల పని కాదంటారా? - వి., వరంగల్

హైదరాబాద్ పాతబస్తీలో జర్దోసీ (జరీతో చేసే చేతి ఎంబ్రాయిడరీ) కార్ఖానా ఒకటి చూసిరా తమ్ముడూ. కర్ర చట్రానికి గుడ్డ బిగించి, చుట్టూ నేల మీద కూర్చుని సూది వేస్తున్నవాళ్లలో మగవాళ్లే ఎక్కువ. పెళ్లిళ్ల సీజన్లో ఊళ్లల్లో మగ్గం వర్క్ షాపులకి వచ్చే పనివాళ్లలో కూడా చాలామంది బెంగాల్ నుంచి వచ్చిన కుర్రాళ్లే. నిన్ను ఏడిపించేవాళ్ల షేర్వానీ మీది పని ఎవరు చేశారో అడుగు.

నీ ఫ్రెండ్స్‌కి ఇంకో సంగతి కూడా చెప్పు. వాళ్లు ఇంజనీర్లే కాబట్టి ఆసక్తిగా వింటారు. స్వెట్టర్లల్లే యంత్రాలున్నాయి, లేసు నేసే యంత్రాలున్నాయి. అచ్చంగా క్రోషే అల్లి బజారుకి సరుకు పంపే యంత్రం మాత్రం ఇంకా రాలేదు. మాల్‌లో అసలైన క్రోషే టాప్ చవగ్గా దొరికితే, ఎక్కడో ఒక మనిషి దాన్ని చేత్తో అల్లి, చాలా తక్కువ డబ్బులు తీసుకుని ఉంటారన్న మాట.

బొమ్మల్లోంచి దూది బయటికి కనబడుతోందన్నావు. నీ ఊలుకి కొక్కెం సూది లావైంది. ఒకటి రెండు సైజులు తగ్గించు.

ప్రశ్న: తెల్ల దుపట్టా మీద ఎర్ర దారంతో పూలు కుట్టాను. ఒక్క ఉతుకుకి చుట్టూ గులాబీ రంగు పాకింది. ఉప్పు నీళ్లలో పెట్టాను, వెనిగర్ పోశాను. పోలేదు. - పి., హిందూపురం

ఆరబెట్టేశారా? ఇస్త్రీ చేశారా? చేయకపోయి ఉంటే ఆశ ఉంది. పెద్ద బకెట్ నిండా చన్నీళ్లు పోసి, కొంచెం మెత్తటి డిటర్జెంట్ కలిపి, దుపట్టా పూర్తిగా మునిగేలా వదిలేయండి. నీళ్లు గులాబీ రంగుకి తిరిగినప్పుడల్లా పారబోసి కొత్తవి పోయండి. రాత్రంతా పట్టొచ్చు. రుద్దకండి, పిండి ఒక పక్కన ముద్దలా పెట్టకండి. తడి ముద్దలోనే రంగు ఎక్కువ పాకుతుంది. బ్లీచింగ్ జోలికి వెళ్తే మరకతో పాటు పూలు కూడా పోతాయి.

ఉప్పు, వెనిగర్ సంగతి అందరి వంటింట్లోనూ వినబడేదే. అద్దకం తొట్టిలో ఉప్పుకి పని ఉంటుంది కానీ, వదులుగా ఉన్న రంగుని ఇంట్లో ఉప్పు నీళ్లు కట్టిపడేయవు. ఈసారి కుట్టే ముందే ఎర్ర, నల్ల, ముదురు నీలం దారాల్ని పరీక్షించండి. దారం ముక్క తడిపి, తెల్ల గుడ్డ మడతలో పెట్టి, మీద వేడి ఇస్త్రీ పెట్టె ఆనించండి. గుడ్డకి రంగు అంటితే ఆ లచ్చీ తెల్లదాని మీదకి పనికిరాదు. గుడ్డ కూడా కుట్టకముందే ఒకసారి ఉతకండి. లేకపోతే నూలు గుడ్డ కుంచించుకుపోయి పూల చుట్టూ ముడతలొస్తాయి. అప్పుడు మళ్లీ "నాకు చెయ్యి తిరగదు" అంటారు.

ప్రశ్న: మా నాయనమ్మ కుట్టుకున్న ఫేటియా (మా లంబాడీల పావడా), కాంచళి (రవిక) నా దగ్గరున్నాయి. తండాలో ఇప్పుడెవరూ అలా కుట్టడం లేదు. కొన్ని అద్దాలు ఊడాయి. ఉతికి, అద్దాలు గమ్‌తో అతికిద్దామనుకుంటున్నాను. ఒకావిడ వాటిని కత్తిరించి హ్యాండ్‌బ్యాగులకి వాడతాను, అమ్మమంటోంది. - బి., మహబూబాబాద్ జిల్లా

గమ్ పక్కన పెట్టేయండి. ఉతకొద్దు కూడా. పాత దారాల రంగు ఆగదు, పైగా బిళ్లలు, నాణేలు ఉంటే తడికి చిలుము పట్టి గుడ్డని తింటుంది. దుమ్ము పోవాలంటే పైన దోమతెర గుడ్డ పరిచి, వాక్యూమ్ క్లీనర్‌ని అతి తక్కువ జోరులో పెట్టి, ఆనించకుండా పైపైన తిప్పండి.

అద్దం నిలబడేదంతా దారం మీదే. మీ నాయనమ్మ కుట్టిన అద్దాన్ని భూతద్దంలో చూడండి. అద్దానికి రంధ్రం ఉండదు. గుడ్డ మీద పెట్టి, దాని మీదుగా అడ్డంగా రెండు దారాలు, నిలువుగా రెండు దారాలు, అంచులకి దగ్గరగా బిగించి వేస్తారు. నిలువు దారాలు అడ్డం దారాల కిందనుంచి ఒకసారి దూరి పైకొస్తాయి. అప్పుడు అద్దం మీద చిన్న చతురస్రం ఏర్పడుతుంది. ఇక చుట్టూ తిరిగే కాజా కుట్టు, ప్రతి కుట్టుకీ ఆ చతురస్రం దారాన్ని కొంచెం బయటికి లాగుతుంది. చుట్టు పూర్తయ్యేసరికి చతురస్రం గుండ్రమై, అద్దం అంచు మీద కూర్చుంటుంది. మొదటి నాలుగు దారాలు వదులైతే అద్దం జారిపోతుంది. పాత ముక్క మీద చేయి పెట్టేముందు వేరే గుడ్డ మీద ఒక అద్దం కుట్టి చూడండి. ఊడినచోట పాత దారాలు పీకేయకండి, వాటి పక్కనుంచే కొత్తవి వేయండి. చేత్తో పట్టుకుంటే పొడిలా రాలుతున్న గుడ్డైతే అసలు సూది గుచ్చకండి. ఆ అద్దాలు ఒక సంచిలో వేసి తోడుగా దాచండి.

అంత బరువున్న ఫేటియాని హ్యాంగర్‌కి తగిలిస్తే నడుము పట్టీ దగ్గర చిరుగుతుంది. పడుకోబెట్టి దాచండి. మడతల మధ్య పాత మెత్తటి నూలు గుడ్డ చుట్టలు పెట్టండి, ఉతికిన తెల్ల గుడ్డలో చుట్టండి, పాలిథిన్ వద్దు. ఆరు నెలలకోసారి తీసి నీడలో గాలికి ఆరబెట్టి, మడత చోటు మార్చండి.

అమ్మడం మీ ఇష్టం. కానీ అడిగారు కాబట్టి చెప్తున్నాను, నేనైతే కత్తిరించేవాళ్లకి ఇవ్వను. నాయనమ్మ తోటివాళ్లెవరైనా ఉంటే ఆ బట్టలు ముందు పెట్టుకుని కూర్చోండి. ఏ కుట్టుని మీ భాషలో ఏమంటారో, ఏది పెళ్లికి వేసుకునేదో రాసుకోండి. ఫోన్‌లో వాళ్ల వేళ్లు కదిలే తీరు వీడియో తీయండి.

ప్రశ్న: అమ్మ పోయాక ఆవిడ చీరలు ఇక్కడికి తెచ్చుకున్నాను. బొంత కుడదామని ఉంది, కత్తెర పెట్టడానికి మనసొప్పడం లేదు. నేత చీరలు ఆరు, పట్టు చీరలు రెండు. - ఆర్., డాలస్

బొంతకి కత్తెర అక్కర్లేదండీ. మన పెద్దవాళ్లు చీరని చీరలాగే మడిచి కుట్టారు. అయిదున్నర మీటర్ల చీరని మధ్యకి మడిస్తే ఒక మనిషి పడుకునే పొడవు, వెడల్పు సరిపోతాయి, రెండు పొరలూ వచ్చేస్తాయి. మూడు చీరలు ఒకదాని మీద ఒకటి వేస్తే ఆరు పొరలు. అంతకు మించితే సూది దిగదు. అంటే మీ ఆరు చీరలకి రెండు బొంతలు. పట్టు చీరలు ఇందులో కలపకండి. నూలుతో పాటు ఉతుకుళ్లకి ఆగవు.

గంజి పూర్తిగా పోయేలా ఉతకండి. చిరుగులున్నది మధ్యలోకి, అమ్మ ఎక్కువగా కట్టుకున్నది పైకి. నేల మీద పరిచి, ముడతల్లేకుండా చేత్తో నిమిరి, మధ్యనుంచి అంచుల వైపుకి పెద్ద పెద్ద కుట్లతో ముందు తాత్కాలికంగా కట్టుకోండి. అంచు నుంచి మొదలుపెడితే గుడ్డంతా మధ్యలో ఉబ్బుతుంది. తర్వాత రెండు వేళ్ల దూరంలో వరసలు. సూది మీదకి రెండు మూడు కుట్లు ఎక్కించి ఒకేసారి లాగండి. ఆరు పొరలు కాబట్టి వేలికి అంగుస్తాను (సూది గుచ్చుకోకుండా తొడిగే టోపీ) లేకుండా మొదలెట్టకండి. వరసలు కాస్త వంకర పోతే పోనీయండి, బొంత మీద ఎవరూ స్కేలు పెట్టి కొలవరు. అక్కడి మీ వాషింగ్ మెషీన్లో, డ్రయ్యర్లో మాత్రం వేయొద్దు.

ప్రశ్న: నల్ల గుడ్డ మీద కుడుతుంటే కళ్లు లాగుతున్నాయి, మెడ నొప్పి. వయసు 46. - జి., నెల్లూరు

ముందు కళ్ల డాక్టర్ దగ్గరికి. ఈ వయసులో దగ్గరి చూపుకి అద్దాలు కావడం మామూలే. దానికి సిగ్గెందుకో నాకు అర్థం కాదు. నల్ల గుడ్డ పని పగలే పెట్టుకోండి, ఒళ్లో తెల్ల తువ్వాలు పరుచుకోండి. గుడ్డ పోగుల సందులు స్పష్టంగా కనబడతాయి. కుడిచేత్తో కుట్టేవారైతే వెలుతురు ఎడమ వైపునుంచి రావాలి, అప్పుడు చేతి నీడ పని మీద పడదు. మెడ పని దగ్గరికి వంచకుండా, ఒళ్లో దిండు పెట్టుకుని పనినే పైకి తెచ్చుకోండి. అరగంటకోసారి లేవండి. రాత్రిళ్లు వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయని చివర్లో ఒక ముక్క రాశారు. దానికి చిట్కాలు నా దగ్గర లేవు, డాక్టర్‌కి చూపించండి.

ప్రశ్న: మొదలుపెట్టి వదిలేసినవి అల్మారా నిండా ఉన్నాయి. దిండు గలీబులు, సగం నెమలి, ఒక దుప్పటి. మా ఆయన "ఎగ్జిబిషన్ ఎప్పుడు?" అంటారు. చూస్తేనే టెన్షన్. - ఎన్., విశాఖపట్నం

మీ ఆయనకి టికెట్ పెట్టండి.

అన్నీ పూర్తి చేయాలని ఎవరూ రూలు పెట్టలేదు. ఒక్కొక్కటీ తీసి, ఈ గుడ్డ, ఈ రంగు ఇప్పటికీ నచ్చుతున్నాయా అని చూసుకోండి. నచ్చనిదాన్ని విప్పేయండి. వెనకనుంచి చిన్న కత్తెరతో రెండు మూడు కుట్లకోసారి కత్తిరించి, ముందువైపునుంచి చిమటాతో (చిన్న పట్టకారుతో) లాగితే గుడ్డ చెడదు. పూసలు, కుందన్లు డబ్బులు పెట్టి కొన్నవి, సీసాలో పోసుకోండి. సగం నెమలిని అక్కడికక్కడ ఆపి, ఉన్న మెడ వరకూ సంచికి జేబుగా కుట్టేయొచ్చు. దుప్పటిని మధ్య గళ్ల వరకే ముగించి టేబుల్ గుడ్డ చేయొచ్చు.

కానీ అదంతా తర్వాత. ఇవాళ అల్మారా తెరిచి రెండే రెండు పనులు చేయండి. గుడ్డకి బిగించి ఉన్న ఎంబ్రాయిడరీ రింగులన్నీ విప్పేయండి, లేకపోతే ఆ గుండ్రటి మడత గుడ్డ మీద శాశ్వతంగా నిలిచిపోతుంది. ఎక్కడైనా సూది గుచ్చి వదిలేశారేమో వెతికి తీయండి. మీది సముద్రపు గాలి తగిలే ఊరు, సూది త్వరగా తుప్పు పడుతుంది. తెల్ల గుడ్డ మీద ఆ మరక పడితే ఇక వదలదు.